షెల్టర్ పిల్లికి ఏ లిట్టర్ కొనాలి? బెంటొనైట్, టోఫు, చెక్క గుళికలు, సిలికా పక్కపక్కన

లిట్టర్ అంటే ఇంట్లో పిల్లి మలమూత్రాల కోసం పెట్టే ట్రేలో పోసే మట్టో, గుళికలో. తీర్పు ముందే చెప్పేస్తే తొందరలో ఉన్నవాళ్లకు పని అయిపోతుంది. దిక్కులేని పిల్లులను చేరదీసి దత్తత ఇచ్చే షెల్టర్ నుంచి ఎదిగిన పిల్లిని తెచ్చుకుంటే మొదటి రెండు నెలలు వాసన కలపని, బొంబాయి రవ్వంత సన్నంగా ఉండే, గడ్డకట్టే బెంటొనైట్ (ఒక రకం బంకమట్టి) లిట్టరే కొనండి. ఖరీదైన లిట్టర్‌కి పెట్టాలనుకున్న డబ్బు పెద్ద ట్రేకి పెట్టండి. సోయా పిప్పితో చేసే టోఫుది రెండో స్థానం, కోస్తా ఊళ్లలో వానాకాలం వస్తే ఇంకా కిందికి దిగుతుంది. చెక్క గుళికలు షెల్టర్లకు సరిపోతాయి, ఇళ్లకు అంతగా కాదు. సిలికా స్ఫటికాలు కొనకపోయినా పోయేదేమీ లేదు. రంపపు పొట్టు, వరి ఊక జోలికి మాత్రం పోవద్దు.

ఈ వరస ఎందుకంటే, కొనేది మనమైనా వాడేది పిల్లి. సంచీ మీద మల్లెపూలు, నిమ్మకాయలు, లావెండర్ బొమ్మలు వేసేది మన ముక్కును చూసి. పిల్లికి కావాల్సింది పాదానికి గుచ్చుకోని గింజ, తవ్వుకోవడానికి లోతు, గుండ్రంగా తిరగడానికి చోటు, నిన్నటిది కనబడకపోవడం. దత్తత తీసుకున్న పిల్లిని తిరిగి తెచ్చి అప్పగించేవాళ్లు చెప్పే కారణాల్లో "ఎక్కడ పడితే అక్కడ పోస్తోంది" అన్నది ఎప్పుడూ పైవరసలోనే ఉంటుంది. పిల్లి పగబట్టి అలా చేయదు. ట్రేలో ఏదో గిట్టకపోయి ఉంటుంది, లేదా ఒంట్లో బాగోలేక అయి ఉంటుంది. రెండో సంగతి కింద వస్తుంది, దాన్ని మాత్రం దాటేయకండి.

బెంటొనైట్

నీళ్లు తగిలితే ఉబ్బే బంకమట్టి ఇది. మన దేశంలో ప్రధానంగా గుజరాత్‌లోని కచ్‌లో, రాజస్థాన్‌లోని బాడ్‌మేర్‌లో దొరుకుతుంది. కాబట్టి "ఇంపోర్టెడ్" అన్న ముద్ర చూసి రెట్టింపు ధర పెట్టక్కర్లేదు. అమెరికాలో 1947లో ఎడ్ లోవ్ పిల్లుల కోసం మట్టి సంచులు అమ్మడం మొదలుపెట్టినప్పుడు ఆ మట్టికి పీల్చుకోవడమే తెలుసు, గడ్డకట్టడం తెలియదు. ట్రే మొత్తం తరచూ పారబోయాల్సి వచ్చేది. గడ్డకట్టే రకం 1980ల్లో వచ్చింది. ఈ రోజుకీ రెండు రకాలూ దుకాణంలో ఒకే అరలో కూర్చుంటాయి. సంచీ మీద "క్లంపింగ్" అని లేకపోతే చవగ్గా వస్తోందని తీసుకోకండి.

గడ్డకట్టే రకాల్లోనూ తేడాలున్నాయి. సోడియం బెంటొనైట్ బాగా ఉబ్బి గట్టి గడ్డ కడుతుంది. కాల్షియం రకం అంతగా ఉబ్బదు, గడ్డ చెంచాలోకి ఎత్తేలోపే రాలిపోతుంది. సంచీ మీద ఈ వివరం రాసేవాళ్లు తక్కువ కాబట్టి ఇంట్లోనే చూసుకోవాలి. ఒక గిన్నెలో 5 సెంటీమీటర్ల మందాన లిట్టర్ పోయండి. పావు గ్లాసు నీళ్లలో చిటికెడు ఉప్పు కరిగించి, అందులోంచి 30 మిల్లీలీటర్లు ఒకేచోట పోయండి. ఉప్పు ఎందుకంటే పిల్లి మూత్రం చాలా చిక్కగా, లవణాలతో ఉంటుంది. మంచినీళ్లకు బ్రహ్మాండంగా గడ్డకట్టే మట్టి ఉప్పునీళ్లకు మెత్తబడిపోవచ్చు. పావుగంట ఆగి గడ్డను చెంచాతో ఎత్తి జానెడు ఎత్తునుంచి వదలండి. రెండు ముక్కలైతే పర్వాలేదు. పొడిపొడిగా రాలితే ఆ రకం వద్దు, ఎందుకంటే రాలిన తడి పొడి ట్రేలోనే ఉండిపోయి మూడో రోజుకి కంపు మొదలవుతుంది.

దుమ్ము సంగతి కూడా అప్పుడే చూడొచ్చు. చీకటి గదిలో ఫోన్ టార్చి వెలుగుకు అడ్డంగా లిట్టర్‌ను ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పోయండి. పొగలా లేచి చాలాసేపు గాల్లోనే నిలిస్తే ఆస్తమా ఉన్న పిల్లికీ, ఆస్తమా ఉన్న మనిషికీ అది పనికిరాదు. "99 శాతం డస్ట్ ఫ్రీ" అని అన్ని సంచుల మీదా ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. సంచీ అడుగున మిగిలే చివరి గుప్పెడు ఎప్పుడూ పొడిగానే ఉంటుంది, దాన్ని ట్రేలో దులపకుండా పారేయడం మేలు.

కొనేవాళ్లు ఎక్కువగా పొరబడేది కొలత దగ్గర. 5 కిలోల సంచీ ఒకటి తెచ్చి ట్రేలో పోసేసి సరిపోయిందనుకుంటారు. లెక్క వేయండి. 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు ఉన్న ట్రేలో 5 సెంటీమీటర్ల మందం రావాలంటే 12 లీటర్ల లిట్టర్ కావాలి. బెంటొనైట్ లీటరు సుమారుగా కిలోకి కాస్త తక్కువ తూగుతుంది. అంటే మొదటిసారి 10 నుంచి 12 కిలోలు పడుతుంది. ఒక్క 5 కిలోల సంచీతో రెండు, రెండున్నర సెంటీమీటర్లే వస్తుంది. అప్పుడు మూత్రం నేరుగా అడుక్కి దిగి ప్లాస్టిక్‌కి అతుక్కుని సిమెంటు పూతలా బిగుస్తుంది. గోకితే ట్రే గీతలు పడుతుంది, ఆ గీతల్లో వాసన నిలుస్తుంది, పిల్లి ట్రే అంచు మీద నిలబడి పోయడం మొదలుపెడుతుంది. లిట్టర్ బాగోలేదన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే.

ఒకసారి లోతుగా నింపాక ఖర్చు తగ్గుతుంది. నాలుగు కిలోల పిల్లి రోజుకు దాదాపు 80 నుంచి 160 మిల్లీలీటర్లు పోస్తుంది. ఆ గడ్డల్లో పోయే మట్టిని నింపుకుంటూ పోతే నెలకు సుమారు ఐదారు కిలోలు. తడి తిండి తినే పిల్లికి ఎక్కువ పడుతుంది. ధర పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త: బెంటొనైట్‌ను కిలోల్లో, టోఫును లీటర్లలో అమ్ముతారు. రెండింటినీ లీటర్లలోకి మార్చి చూస్తేనే అసలు తేడా తెలుస్తుంది.

బెంటొనైట్ వద్దనాల్సిన సందర్భాలు రెండున్నాయి. మూడు నెలలు నిండని పిల్లికూనలు కొత్తగా కనబడినదాన్నల్లా నోట్లో పెట్టుకుంటాయి, ఉబ్బే మట్టి పేగుల్లో గడ్డకడితే ప్రమాదం. వాటికి గడ్డకట్టని రకమో, చించిన కాగితమో పెట్టాలి. రెండోది, ఆపరేషన్ అయిన వెంటనే. షెల్టర్ నుంచి పిల్లి కుట్లతో వస్తే వారం పది రోజులు చించిన న్యూస్‌పేపరే వేయండి. సన్నటి మట్టి కుట్లకు అంటుకుంటుంది.

టోఫు

సోయాపాలు తీశాక మిగిలే పిప్పికి మొక్కజొన్న పిండి, గోరుచిక్కుడు జిగురు కలిపి సన్నటి పుల్లల్లా నొక్కి ఎండబెడతారు. తేలిక, దుమ్ము తక్కువ, ఇల్లంతా కాళ్లకు అంటుకుని రాదు. లిఫ్టు లేని మూడో అంతస్తులో ఉండేవాళ్లకు పది కిలోల మట్టి మోసే బాధ తప్పుతుంది. ఇదంతా నిజమే.

కానీ ఇది తిండి పదార్థం. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల జూలై నుంచి నవంబరు దాకా గాల్లో తేమ ఎక్కువ. తెరిచిన సంచీ అలాగే వదిలేస్తే పుల్లలు మెత్తబడతాయి, పులిసిన వాసన వస్తుంది, బూజు పడుతుంది, ఒక్కోసారి బియ్యంలో పట్టే పురుగులే ఇందులోనూ పడతాయి. బిగువు మూత ఉన్న బియ్యం డబ్బాలో పోసుకోవాలి. ట్రేలో ఉన్నది వానాకాలంలో మూడు వారాలకు మించి ఉంచకూడదు, పైకి బాగానే కనబడినా సరే. ఇంట్లో కుక్క కూడా ఉంటే అది ట్రేలో మూతి పెట్టి తింటుంది.

గడ్డ విషయంలో బెంటొనైట్‌కి టోఫు సాటిరాదు. పోసిన కాసేపటికి ఎత్తితే బాగానే వస్తుంది. సాయంత్రం దాకా వదిలితే, ఆలోగా పిల్లి మళ్లీ తవ్వితే ముద్దలా విడిపోతుంది. పొద్దున్న తొమ్మిదికి వెళ్లి రాత్రి ఎనిమిదికి వచ్చే ఇంట్లో ఇది కష్టం. పుల్ల మందం 2 మిల్లీమీటర్ల లోపు ఉన్నది చూసి కొనండి. లావు పుల్లల మీద పిల్లులు కాళ్లు విదుల్చుకుంటూ నడుస్తాయి. టోఫులో బెంటొనైట్ కలిపి అమ్మే మిశ్రమాలు ఉన్నాయి, వానలు లేని నెలల్లో అవి మంచి రాజీ.

"టాయిలెట్‌లో ఫ్లష్ చేయొచ్చు" అని టోఫు సంచుల మీద గొప్పగా రాస్తారు. చేయకండి. పైపు సంగతి పక్కన పెట్టినా, పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గుడ్లు ఉండొచ్చు, మురుగునీటిని క్లోరిన్‌తో శుద్ధి చేసినా అవి చావవు. కాలిఫోర్నియా తీరంలో సముద్రపు నీటికుక్కల మరణాలకు ఆ పరాన్నజీవితో ముడి ఉందని తేలాక అక్కడ ఫ్లష్ చేయొద్దని హెచ్చరికలు కూడా వచ్చాయి. బెంటొనైట్ ఫ్లష్ చేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు, ప్లంబర్‌ని పిలవాల్సి వస్తుంది.

చెక్క గుళికలు, సిలికా

పైన్ పొట్టును నొక్కి చేసే గుళికలు తడిస్తే విచ్చుకుని పొడి అవుతాయి. కింద జల్లెడ ఉన్న రెండంతస్తుల ట్రే ఉంటే పొడి కిందికి రాలుతుంది, పైన మంచివి మిగులుతాయి. పదుల కొద్దీ పిల్లులున్న షెల్టర్‌లో వీటిని ఇష్టపడతారు: చవక, అమ్మోనియా వాసనను అణుస్తాయి, ట్రే మొత్తం ఒక్కసారి దులిపేయొచ్చు. ఇంట్లో ఒక్క పిల్లి ఉన్నప్పుడు ఆ లాభాలేవీ పెద్దగా కనబడవు, గుళికలు లావుగా ఉండడం మాత్రం కనబడుతుంది. అయితే మీరు తెచ్చుకునే పిల్లి షెల్టర్‌లో వీటికే అలవాటుపడి ఉంటే మొదట ఇవే వేయండి. బాయిలర్లలో కాల్చడానికి అమ్మే బయోమాస్ గుళికలు చవగ్గా దొరుకుతున్నాయని కొందరు తెస్తుంటారు. వాటిలో వేరుశనగ పొట్టు నుంచి ఏ పంట వ్యర్థమైనా కలిసి ఉండొచ్చు, పిల్లి నాకే పాదాల కింద అవి వద్దు.

సిలికా స్ఫటికాలు (కొత్త చెప్పుల డబ్బాలో తేమ పీల్చడానికి వేసే పొట్లాల్లో ఉండే రకమే) మూత్రాన్ని పీల్చుకుని నెలపాటు వస్తాయని చెబుతారు. గాల్లోని తేమనూ అవి అలాగే పీల్చుకుంటాయి కదా. అనంతపురంలో వచ్చినన్ని రోజులు భీమిలిలో రావు. తొక్కితే కరకరమని చప్పుడు, అంచులు గరుకు. కొత్త ఇంట్లో బెదిరి ఉన్న పిల్లికి ఈ రెండూ అక్కర్లేదు.

ఇసుక, ఊక, పొట్టు

వీధిలో పెరిగి షెల్టర్‌కు చేరిన పిల్లికి మట్టి, ఇసుక తప్ప వేరేది తెలియదు. అలాంటిదానికి బెంటొనైట్ మీద రెండు గుప్పెళ్ల పొడి ఇసుకో, కుండీ మట్టో చల్లితే అదేమిటో వెంటనే అర్థమవుతుంది. రెండు వారాల్లో ఆ గుప్పెడు తగ్గిస్తూ మానేయొచ్చు. ఒట్టి ఇసుకతోనే నడిపిద్దామంటే కుదరదు. ఇసుక పీల్చదు, గడ్డకట్టదు, మూత్రం అడుగున నిలుస్తుంది.

వరి ఊక పైపొర నున్నగా ఉండి నీటిని సరిగా పీల్చదు, పైగా ఫ్యాన్ వేస్తే ఇల్లంతా ఎగురుతుంది. వడ్రంగి షాపు పొట్టులో ప్లైవుడ్, ఎమ్‌డీఎఫ్ కోసినప్పుడు రాలిన జిగురు పొడి ఉంటుంది. ఉచితంగా వచ్చినా తేకండి.

ట్రే: అసలు ఖర్చు ఇక్కడ పెట్టాలి

ట్రే పొడవు పిల్లి ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా ఉన్న పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉండాలన్నది పశువైద్యుల మార్గదర్శకాల్లోని కొలత. మన నాటు పిల్లి ఎదిగితే ఆ పొడవు దాదాపు 40 నుంచి 45 సెంటీమీటర్లు ఉంటుంది. అంటే 60 నుంచి 68 సెంటీమీటర్ల ట్రే కావాలి. దుకాణాల్లో "క్యాట్ ట్రే" పేరుతో ఎక్కువగా అమ్మేవి 40 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటాయి. అవి కూనలకు సరి. పెద్ద పిల్లి అందులో తిరగలేక, ముందుకాళ్లు లోపల, వెనక భాగం బయట పెట్టి పోస్తుంది. అది చూసి "ట్రేలోకి వెళ్లి కూడా బయటే పోస్తోంది" అనుకుంటాం.

దీనికి చవకైన మందు బట్టలు దాచుకునే పెద్ద ప్లాస్టిక్ స్టోరేజ్ డబ్బా. 60 సెంటీమీటర్లకు తగ్గని పొడవు, 30 సెంటీమీటర్ల ఎత్తు గోడలు ఉన్నది తీసుకోండి. మూత పక్కన పడేయండి. ఒక వెడల్పు వైపు నేల నుంచి 12 సెంటీమీటర్ల ఎత్తు వదిలి ఆపైన 20 సెంటీమీటర్ల వెడల్పున ద్వారం కోయండి. కాల్చిన కత్తితో కోస్తే ప్లాస్టిక్ పగలదు, అంచును గరుకు కాగితంతో రుద్దాలి. ముసలి పిల్లికి, కాలు కుంటే పిల్లికి ద్వారం అడుగు 7 సెంటీమీటర్లకు దించండి. మూడు వైపులా ఎత్తు గోడలు ఉంటాయి కాబట్టి తవ్వినా లిట్టర్ బయటికి చిమ్మదు, నిలబడి పోసే పిల్లి ఉన్నా గోడ తడవదు.

మూతపెట్టిన ట్రేల గురించి రెండు వర్గాలు పోట్లాడుకుంటాయి. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో చాలా పిల్లులు మూత ఉన్నా లేకపోయినా ఒకేలా వాడాయి. తేడా చూపిన కొద్దివాటిలో సగం మూతనే కోరాయి. కాబట్టి పిల్లికి మూత పెద్ద సమస్య కాదు, మనకే సమస్య: కనబడకపోతే ఎత్తడం మరిచిపోతాం. రెండు పిల్లులుంటే మాత్రం మూత వద్దు. ఒకటి లోపల ఉండగా ఇంకోటి ద్వారం దగ్గర కాపు కాస్తే లోపలిది ఇక ఆ ట్రేకి రాదు.

మోటారుతో తనంతట తానే శుభ్రం చేసుకునే ట్రేలు ఇప్పుడు ఇక్కడా అమ్ముతున్నారు. షెల్టర్ పిల్లికి మొదటి కొన్ని నెలలు కొనొద్దు. ఒక్కసారి చప్పుడుకు అదిరితే ఆ మూలకే వెళ్లదు. పైగా రోజూ గడ్డలు మన చేత్తో ఎత్తితేనే ఎన్ని, ఎంత పెద్దవి అన్నది కళ్లకు తెలుస్తుంది.

లెక్క ప్రకారం పిల్లులెన్నో దానికి ఒకటి కలిపి అన్ని ట్రేలు. ఒకే గదిలో పక్కపక్కన పెట్టిన రెండు ట్రేలు పిల్లి దృష్టిలో ఒకటే. చిన్న ఫ్లాట్‌లో ఒక్క పిల్లికి రెండు పెట్టే చోటు లేదంటే ఒక్కటైనా పెద్దది పెట్టి రోజుకు రెండుసార్లు గడ్డలు ఎత్తండి.

ఎక్కడ పెట్టాలి అన్నదానికి మన ఫ్లాట్లలో అందరూ చూపే రెండు చోట్లూ చిక్కులతోనే ఉంటాయి. బాత్రూములో నేల తడి, తలుపు ఎవరో ఒకరు వేసేస్తారు, గీజర్, ఫ్లష్ చప్పుళ్లు. వంటింటి వెనక యుటిలిటీలో వాషింగ్ మెషిన్ స్పిన్ తిరిగే క్షణంలో పిల్లి ట్రేలో ఉంటే, ఆ తర్వాత మీ సోఫాయే ట్రే. హాల్లో ఒక మూల, రెండు వైపుల నుంచి తప్పుకునే దారి ఉన్నచోటు అన్నిటికన్నా మేలు. చుట్టాలు వస్తే ఇబ్బందే, ఒప్పుకోవాలి. తిండి గిన్నె, నీళ్లు మాత్రం ట్రేకి దూరంగా ఎదురు మూలన. తర్వాత చోటు మార్చాలంటే రోజుకు నాలుగైదు సెంటీమీటర్ల చొప్పున జరపాలి.

మొదటి వారం

షెల్టర్ నుంచి బయల్దేరే ముందు రెండు అడగండి: అక్కడ ఏ లిట్టర్ వాడుతున్నారు, ఒక కవరు నిండా వాడిన లిట్టర్ ఇస్తారా. శుభ్రం చేసిన, కానీ దాని వాసన మిగిలిన ఆ లిట్టర్‌ను కొత్త ట్రేలో పైన చల్లితే చిరునామా తెలిసినట్టే.

ఇల్లంతా ఒకేసారి చూపించొద్దు. ఒక గది, ఒక ట్రే, ఒక అట్టపెట్టె. నెదర్లాండ్స్‌లోని ఒక షెల్టర్‌లో చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో దాక్కోవడానికి పెట్టె ఇచ్చిన పిల్లులు ఇవ్వనివాటికన్నా ముందే కుదుటపడ్డాయి. ఆ పెట్టె ఇక్కడ ఉచితంగా వచ్చేదే, మిక్సీ వచ్చిన అట్టపెట్టె చాలు. దాని నోరు ట్రే వైపు తిరిగి, మధ్యలో మనుషులు నడిచే దారి లేకుండా ఉండాలి. చాలా పిల్లులు మొదటి ఒకటి రెండు రోజులు రాత్రి అందరూ పడుకున్నాకే ట్రేకి వస్తాయి. ఆ దారిలో రాత్రి లైటు వేసి ఉంచక్కర్లేదు, చప్పుడు లేకుండా ఉంటే చాలు.

ఈ దశలో లిట్టర్ మార్చొద్దు. కుదుటపడ్డాక మార్చాలంటే రెండు ట్రేలు పక్కపక్కన పెట్టి ఒకదాంట్లో పాతది, ఒకదాంట్లో కొత్తది వేసి వారం చూడండి. ఏ ట్రేలో ఎక్కువ గడ్డలుంటే పిల్లి ఓటు దానికే. చోటే లేదంటే పాతదాంట్లో పావు వంతు కొత్తది కలిపి, మూడు నాలుగు రోజులకోసారి ఇంకో పావు పెంచండి.

ప్లగ్‌లో పెడితే పిల్లిని కుదుటపరిచే సంకేత రసాయనాన్ని గాల్లోకి వదిలే, ఫెలివే లాంటి ఫెరోమోన్ డిఫ్యూజర్లు కొందరు సిఫారసు చేస్తారు. ఒక సీసా నెల వస్తుంది, ఖరీదెక్కువ, అధ్యయనాల ఫలితాలు ఒక్క మాట మీద లేవు. ట్రే, లిట్టర్, చోటు సరిచేశాక కూడా బెదురు పోకపోతే ప్రయత్నించొచ్చు. వాటికి బదులుగా మాత్రం కాదు.

పిల్లి చెప్పే రివ్యూ

లిట్టర్ నచ్చిన పిల్లి ట్రేలోకి దిగి తవ్వుతుంది, తిరుగుతుంది, కూర్చుంటుంది, వెనక్కి తిరిగి వాసన చూసి కప్పుతుంది. నచ్చకపోతే అంచు మీద నాలుగు కాళ్లూ పెట్టి నిలబడుతుంది, లిట్టర్ వదిలేసి గోడనో పక్కన టైల్స్‌నో గోకుతుంది, పని అవగానే కాళ్లు విదిల్చి పరుగెత్తుతుంది. ట్రేలో మూత్రం పోసి మలం మాత్రం పక్కన చేస్తే అది శుభ్రం గురించిన ఫిర్యాదు కావచ్చు, లేదా రెండో ట్రే అడగడం కావచ్చు. పరుపు మీద, ఉతకాల్సిన బట్టల మీద పోస్తే మెత్తటిది కావాలంటోందని ముందుగా అనుమానించాలి.

నిలబడి, తోక వణికిస్తూ, గోడ మీదో తలుపు మీదో కొంచెం చిమ్మితే అది వేరే సంగతి. అది గుర్తు వేసుకోవడం, ఏ లిట్టర్ మార్చినా ఆగదు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించని మగపిల్లుల్లో ఇది మామూలు. చేయిస్తే పదింట తొమ్మిదింటికి పోతుంది. షెల్టర్లు ఆపరేషన్ చేసే దత్తత ఇవ్వడానికి అదొక కారణం. ఆ తర్వాత కూడా చిమ్ముతుంటే కిటికీ బయట వీధి పిల్లి కనబడుతోందేమో చూడండి.

మగపిల్లి పదేపదే ట్రేకి వెళ్లి కూర్చుని, ముక్కి, చుక్క చుక్కగా పోస్తున్నా, అసలేమీ పోయకపోయినా లిట్టర్ గురించి ఆలోచించే టైము కాదు అది. మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీసే స్థితి. రాత్రయినా, ఆదివారమైనా డాక్టరు దగ్గరికే. మలబద్ధకం అనుకుని ఆముదం పోస్తే విలువైన గంటలు పోతాయి. ఆడపిల్లిలోనూ ఎర్రటి గడ్డలు, మామూలుకన్నా చిన్నచిన్న గడ్డలు ఎక్కువగా కనబడితే అదే వారంలో పరీక్ష చేయించాలి.

శుభ్రం చేసేటప్పుడు

మన ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు ఫినాయిల్. నల్ల ఫినాయిల్‌లో ఉండే ఫినాల్ జాతి రసాయనాలను పిల్లి కాలేయం విడగొట్టలేదు. తడి నేల మీద నడిచి పాదాలు నాకితే ఒంట్లోకి వెళ్తుంది. డెట్టాల్‌లోని క్లోరోజైలినాల్ కూడా ఆ జాతిదే. పైన్ నూనెతో చేసే తెల్ల ఫినాయిల్ కూడా ట్రే దగ్గరికి రానివ్వొద్దు. పనిమనిషికి ఒకటికి రెండుసార్లు చెప్పాల్సిన సంగతి ఇది, ఎందుకంటే వాసన వస్తోందంటే వాళ్లు చేతికి తీసుకునేది అదే. బ్లీచింగ్ పౌడర్ మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే ఘాటైన విషవాయువు పుడుతుంది.

ట్రేకి వేడినీళ్లు, గిన్నెలు తోమే సబ్బు చాలు. బెంటొనైట్‌తో అయితే నెలకోసారి మొత్తం పారబోసి కడిగి, ఎండలో ఆరబెట్టి, కొత్తది పోయాలి. గీతలు బాగా పడిన ట్రేని ఏడాదికి మార్చేయండి. బయట పోసిన చోట ముందు బట్టతో అద్ది, ఎంజైములున్న బట్టల పొడి ఒక వంతుకు తొమ్మిది వంతుల గోరువెచ్చని నీళ్లు కలిపి తడపండి, పావుగంట ఉంచి నీళ్లతో తుడిచి ఆరనివ్వండి. పెర్‌ఫ్యూమ్ చల్లితే వాసన మనకు తెలియదు, పిల్లికి తెలుస్తూనే ఉంటుంది, మళ్లీ అక్కడికే వస్తుంది.

ఎత్తడానికి ప్లాస్టిక్ చెంచా బరువైన గడ్డకు వంగిపోతుంది. స్టీలు జల్లి గరిటె మంచిది, బెంటొనైట్‌కి సన్న చిల్లులు, టోఫుకి పుల్లలు జారేంత వెడల్పు చిల్లులు. వంటింటి దానితో కలిసిపోకుండా పిడికి రంగు తాడు కట్టుకోండి. ఎత్తినది కవరులో కట్టి చెత్త బండిలో వేయాలి. ఆకుకూరల కుండీల్లో కలపొద్దు.

ఇంట్లో ఎవరైనా గర్భంతో ఉన్నారని తెలియగానే పిల్లిని షెల్టర్‌లో వదిలేయమనే సలహా మన దగ్గర తరచూ వినబడుతుంది. కడుపులోని బిడ్డకు హాని చేయగల టాక్సోప్లాస్మా భయం నిజమైనదే. కానీ మలంతో వచ్చిన ఆ గుడ్లు ఇతరులకు సోకే స్థితికి రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది, పిల్లి వాటిని విడిచేది కూడా సాధారణంగా జీవితంలో ఒకటి నుంచి మూడు వారాలే. ట్రే పని ఇంకొకరు చేయడం, రోజూ తప్పకుండా ఎత్తడం, పిల్లికి పచ్చి మాంసం పెట్టకపోవడం, ఇవి పాటించాలి. ఇంకెవరూ లేకపోతే గ్లవ్స్ వేసుకుని, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పచ్చి మాంసం కోసిన చేతులూ, కడగని ఆకుకూరలూ కూడా అంతే జాగ్రత్త అడుగుతాయి.

మొదటి కొనుగోలుకి 5 కిలోల బెంటొనైట్ సంచులు మూడు, పెద్ద డబ్బా ఒకటి, స్టీలు గరిటె ఒకటి తీసుకోండి. మూడు సంచులూ ఒకే బ్రాండు, ఒకే రకం. పిల్లికి సరిపడక తెరవని సంచీ మిగిలితే తెచ్చుకున్న షెల్టర్‌కే ఇవ్వండి. తెరిచినదైతే తీసుకుంటారో లేదో ముందు ఫోన్ చేసి అడగాలి. పాత న్యూస్‌పేపర్లు మాత్రం ఆపరేషన్ వార్డు కోసం ఎప్పుడూ అవసరమే, మెరుపు కాగితం అనుబంధాలు తీసేసి పంపండి, అవి తడి పీల్చవు.